వరసలో నిలబడ్డవాళ్ళు

1970 దశాబ్దం హెవీవెయిట్ బాక్సింగుకు స్వర్ణయుగమని ఈ దేశంలో అందరూ ఒప్పుకున్న మాట. ఎందుకని అడిగితే మూడు పేర్లు చెబుతారు: అలీ, ఫ్రేజియర్, ఫోర్మన్. ముగ్గురూ మహా యోధులే, కాదనేవారెవరూ లేరు. కాని ముగ్గురు గొప్ప గాయకులున్నంత మాత్రాన ఆ కాలంలో సంగీతం బాగుందని తేల్చెయ్యలేం గదా! రెండో వరస గాయకులెవరు, పక్కవాద్యాలెవరు, సభల వాళ్ళు వాళ్ళకు ఏపాటి మర్యాద చేశారు అన్నవి కూడా చూడాలి. కొండ కొమ్ము ఎంత ఎత్తో చెప్పి ఊరుకుంటే కొండ సంగతి చెప్పినట్టు కాదు.

అంచేత పట్టం కట్టుకున్నవాళ్ళ గురించి తక్కువగా, పట్టం కోసం వరసలో నిలబడ్డవాళ్ళ గురించి ఎక్కువగా మాట్లాడుకుందామని మా ఉద్దేశం. వీళ్ళను ఇక్కడ కంటెండర్లంటారు. పోటీదారు అంటే ఆ అర్థం పూర్తిగా రాదు. బరిలోకి దిగినవాడల్లా పోటీదారే. కంటెండరంటే ఛాంపియనుతో తలపడే అర్హత సంపాదించుకుని పిలుపు కోసం కాచుకున్నవాడు. అర్హత అతని చేతిలోది, పిలుపు మాత్రం ఇంకొకరి చేతిలోది. వరసలో నిలబడి మన నంబరు ఎప్పుడు వస్తుందా అని చూడడం ఎలా ఉంటుందో ఈ దేశం వచ్చిన మనవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు.

ఒక కాలపు కంటెండర్లను తూచడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాళ్ళు ఒకరితో ఒకరు తలపడ్డారా? వాళ్ళ వరసను నిర్ణయించినవాళ్ళు నిజాయితీగా నిర్ణయించారా? చివరికి వాళ్ళకు దక్కిందేమిటి? ఈ మూడు ప్రశ్నలకూ ఆ దశాబ్దం ఒకే విధమైన జవాబు చెప్పదు. ఆ సంగతే ఈ వ్యాసం.

ముందు పూర్వ కథ కొంచెం. 1956లో ఫ్లాయిడ్ పాటర్సన్ ఛాంపియన్ అయ్యాడు. అతని మేనేజరు కస్ డమాటో తన మనిషిని బలమైన వాళ్ళ జోలికి పోనివ్వకుండా చాలాకాలం కాపాడుకొచ్చాడు. సోనీ లిస్టన్ వంటివాడికి అవకాశం వచ్చేసరికి 1962 సెప్టెంబరు అయింది. అవకాశమంటూ వచ్చాక లిస్టన్‌కు ఒక్క రౌండు చాలింది. 1953లో ఈ వృత్తిలోకి వచ్చిన జోరా ఫాలీ పట్టం కోసం బరిలోకి దిగింది 1967 మార్చిలో. అప్పటికి అతని మంచి రోజులు గడిచిపోయాయి. ఎదుట నిలిచినవాడేమో యవ్వనంలో ఉన్న అలీ. ఏడో రౌండులో ఫాలీ కథ ముగిసింది. వయసు ఉన్నప్పుడు పిలుపు రాకపోవడం, పిలుపు వచ్చేసరికి వయసు లేకపోవడం: ఆ తరం కంటెండర్ల బతుకు ఇదే.

ఈ తలుపు తెరుచుకోవడానికి కారణం అలీ కాదు, అలీ లేకపోవడం. వియత్నాం యుద్ధానికి పోనని 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో అలీ సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. పట్టం ఊడదీశారు. ఖాళీ అయిన సింహాసనం కోసం వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ ఎనిమిది మందితో పోటీ పెట్టింది. జిమ్మీ ఎల్లిస్, జెర్రీ క్వారీ, ఆస్కార్ బోనవేనా, థాడ్ స్పెన్సర్, ఎర్నీ టెరెల్, లియోటిస్ మార్టిన్, కార్ల్ మిల్డెన్‌బర్గర్, పాత ఛాంపియన్ పాటర్సన్. జో ఫ్రేజియర్‌ను కూడా రమ్మన్నారు గాని అతను రానన్నాడు. ఫ్రేజియర్ 1968 మార్చిలో న్యూయార్కులో బస్టర్ మాథిస్‌ను ఓడించి ఆ రాష్ట్రం వారి గుర్తింపు తెచ్చుకున్నాడు. ఎనిమిది మంది పోటీలో 1968 ఏప్రిల్‌లో క్వారీని పాయింట్ల మీద ఓడించి ఎల్లిస్ గెలిచాడు. 1970 ఫిబ్రవరి 16న ఈ ఇద్దరూ తలపడితే ఎల్లిస్ అయిదో రౌండుకు లేవలేకపోయాడు. ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, ఈ మూడేళ్ళూ ఎవరూ ఎవరినీ తప్పించుకు తిరగడానికి వీల్లేకపోయింది. పెద్దాయన ఇంట్లో లేనప్పుడు పిల్లలు తమలో తాము బలాబలాలు తేల్చుకున్నట్టు, వీళ్ళు తేల్చుకున్నారు. 1970లో అలీ తిరిగి వచ్చేసరికి ఆ అలవాటు స్థిరపడిపోయింది.

మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ లెక్క ఒకసారి వరసగా చూడండి. 1973 ఫిబ్రవరిలో క్వారీ రాన్ లైల్‌ను ఓడించాడు. అదే ఏడాది డిసెంబరులో క్వారీ ఎర్నీ షేవర్స్‌ను ఒక్క రౌండులో పడగొట్టాడు. 1975 మార్చిలో కెన్ నార్టన్ క్వారీని అయిదో రౌండులో నిలిపేశాడు. 1975 సెప్టెంబరులో డెన్వర్‌లో లైల్ షేవర్స్‌ను ఆరో రౌండులో పడగొట్టాడు. ఆ లైల్‌ను జిమ్మీ యంగ్ 1975లో ఒకసారి, 1976లో ఒకసారి ఓడించాడు. ఆ యంగ్‌ను అంతకు ముందు 1973లో షేవర్స్ మూడో రౌండులోనే మట్టి కరిపించాడు, 1974లో మళ్ళీ కలిస్తే ఇద్దరూ సమానమన్నారు. 1976 జనవరిలో ఫోర్మన్ లైల్‌ను ఓడించాడు. 1977 మార్చిలో యంగ్ ఫోర్మన్‌ను ఓడించాడు. 1977 నవంబరులో నార్టన్ యంగ్‌ను ఓడించాడు. 1979 మార్చిలో షేవర్స్ నార్టన్‌ను ఒక్క రౌండులో ఇంటికి పంపాడు.

కాగితం మీద గీసి చూస్తే ఇదంతా ఒక చక్రం. ఎవరు ఎవరికన్నా గొప్ప అని అడిగితే తేలదు. అయితే తేలకపోవడమే ఈ కాలం ఘనత. అందరూ అందరితో తలపడినప్పుడే ఇలాంటి చక్రం వస్తుంది. ఎవరికి వారు తమ అంకెలు కాపాడుకుంటూ దూరదూరంగా తిరిగితే ప్రతివాడి జాబితాలోనూ అన్నీ విజయాలే ఉంటాయి, చూసేవాడికి మాత్రం ఏమీ తెలియదు. 1979 నుంచి 1986 దాకా వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ పట్టం టేట్, వీవర్, డోక్స్, కోట్జీ, పేజ్, టబ్స్, విదర్‌స్పూన్, స్మిత్ అని ఎనిమిది మంది నడుముకు మారింది. ఇంకో పక్క లారీ హోమ్స్ వేరే పట్టంతో ఏలుతున్నాడు. ఆ రెండు పట్టాల వాళ్ళూ ఎదురు పడలేదు. ఆ ఎనిమిది మందీ తక్కువ వాళ్ళని కాదు. వాళ్ళ మధ్య తేలవలసినవి తేలలేదు, అంతే. కనక మొదటి ప్రశ్నలో 1970 దశాబ్దానికి నూటికి తొంభై మార్కులు వెయ్యడానికి మాకు అభ్యంతరం లేదు.

ఈ మనుషుల పనితనం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నార్టన్ చేతులు రెండూ అడ్డంగా మడిచి మొహానికి కవచంలా పట్టుకునేవాడు. కుడికాలు ఈడుస్తూ ముందుకు వచ్చేవాడు. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. కాని అలీ ఎడమచెయ్యి విసిరినప్పుడే తనూ ఎడమచెయ్యి విసరడం ఎడీ ఫచ్ నేర్పిన కిటుకు, అది అలీకి ఎన్నడూ కొరుకుడు పడలేదు. 1973 మార్చి 31న శాన్ డియాగోలో నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. అంతకు ముందు అతను ఎక్కువమందికి ఫ్రేజియర్‌తో సాధన చేసే మనిషిగానే తెలుసు. క్వారీది ఎదురుదెబ్బ విద్య. అవతలివాడు కొట్టబోయిన క్షణమే అతని క్షణం. అయితే అతని కనుబొమ్మల చర్మం ఇట్టే చిట్లిపోయేది. 1970 అక్టోబరులో అట్లాంటాలో అలీతో మూడు రౌండ్లకే పోటీ ఆగిపోవడానికి కారణం ఆ గాయమే. లైల్ హత్యానేరం మీద కొలరాడో జైలులో ఏడేళ్ళకు పైగా ఉండి, అక్కడే బాక్సింగ్ నేర్చుకుని, ముప్పయ్యో ఏట వృత్తిలోకి వచ్చాడు. ఫోర్మన్‌తో అతని నాలుగో రౌండు చూసినవాళ్ళు మర్చిపోరు. ఆ ఒక్క రౌండులో ఫోర్మన్ రెండుసార్లు పడ్డాడు, లైల్ ఒకసారి పడ్డాడు. అయిదో రౌండులో లైల్ ఇక లేవలేదు. షేవర్స్ కుడిచేతి దెబ్బ అంత బరువైన దెబ్బ ఆ కాలంలో ఇంకొకటి లేదని దాన్ని తిన్నవాళ్ళే ఒప్పుకున్నారు. ఆ దెబ్బకు తగినంత ఊపిరి మాత్రం అతనికి లేదు.

ఇక జిమ్మీ యంగ్. మా దృష్టిలో ఈ కాలానికి అసలు పరీక్ష ఇతనే. ఫిలడెల్ఫియా మనిషి. గట్టి దెబ్బ లేదు, మాటల ఆర్భాటం లేదు. ఉన్నదల్లా ఎదుటివాడి దెబ్బను గాలికి పోనిచ్చే విద్య. కొట్టడం కన్నా కొట్టించుకోకపోవడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టిన మనిషి. ఇలాంటివాడిని జడ్జీలు మెచ్చరు, జనం మెచ్చరు, టెలివిజను వాళ్ళు అసలే మెచ్చరు. 1976 ఏప్రిల్ 30న మేరీలాండ్‌లోని లాండోవర్‌లో అలీతో పదిహేను రౌండ్లు పోరాడాడు. అలీ ఆ రోజు 230 పౌన్లు తూగాడు, కాళ్ళు కదలలేదు. చూసినవాళ్ళలో చాలామంది యంగ్ గెలిచాడనే అన్నారు. జడ్జీలు అలీకిచ్చారు. యంగ్ పదే పదే తల తాళ్ళ బయటికి పెట్టి రెఫరీ చేత ఆట ఆపించాడని, ఛాంపియన్ కావలసినవాడు అలా చెయ్యడమేమిటని తప్పు పట్టినవారున్నారు. అందులో న్యాయం లేకపోలేదు. పట్టం గుంజుకోవాలనుకున్నవాడు దాక్కోకూడదు.

కాని దాని తరవాత జరిగినదానికి ఏ న్యాయమూ చెప్పలేం. అలీ ముసలివాడయ్యాడు కనకనే యంగ్ నిలబడగలిగాడని కొందరన్నారు గదా! 1977 మార్చి 17న శాన్ హువాన్‌లో యంగ్ ఫోర్మన్‌తో తలపడ్డాడు. ఫోర్మన్‌కు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, ముసలివాడు కాడు. ఏడో రౌండులో తిన్న దెబ్బకు యంగ్ దాదాపు కూలబోయి నిలదొక్కుకున్నాడు. పన్నెండో రౌండులో ఫోర్మన్‌నే కింద పడేసి పాయింట్ల మీద గెలిచాడు. ఆ రాత్రి దుస్తులు మార్చుకునే గదిలో తనకు దైవదర్శనమైందని చెప్పి ఫోర్మన్ పదేళ్ళ పాటు బాక్సింగే మానేశాడు. ఒక మాజీ ఛాంపియన్‌ను వృత్తి నుంచే సాగనంపిన మనిషికి సహజంగా తరవాతి పిలుపు రావాలి. రెండు నెలలు తిరక్కుండా 1977 మే 16న అలీ పట్టం కోసం పోరాడాడు. ఎదుట ఉన్నది యంగ్ కాదు, ఆల్ఫ్రెడో ఎవంజెలిస్టా. వృత్తిలోకి వచ్చి రెండేళ్ళయినా గట్టిగా నిండని కుర్రాడు. యంగ్‌కు అలీతో రెండో అవకాశం ఎన్నడూ రాలేదు.

ఇక్కడి నుంచి రెండో ప్రశ్న మొదలవుతుంది. వరసను నిర్ణయించినదెవరు?

కిన్షాసాలో 1974 అక్టోబరు 30న పట్టం తిరిగి గెలిచిన తరవాత అలీ 1977 చివరి దాకా పదిసార్లు దాన్ని నిలబెట్టుకున్నాడు. వెప్నర్, లైల్, బుగ్నర్, ఫ్రేజియర్, కూప్మన్, యంగ్, డన్, నార్టన్, ఎవంజెలిస్టా, షేవర్స్. పదిమందిలో అయిదారుగురు అర్హులే, అందుకు అలీని మెచ్చుకోవాలి. మిగిలినవాళ్ళ పేర్ల పక్కన ఫోర్మన్ పేరు లేకపోవడం, యంగ్ పేరు రెండోసారి రాకపోవడం కూడా గమనించాలి. బుగ్నర్‌తో పోటీ 1975 జూలై 1న కౌలాలంపూర్‌లో జరిగింది, మలేషియాలోని మన తెలుగువాళ్ళకు ఆ రోజు గుర్తుండి ఉంటుంది. అక్కడ పదిహేను రౌండ్లూ బుగ్నర్ గెలవాలని కాక నిలబడాలని ఆడాడు. ఛాంపియన్‌కు కష్టమైన పని తరవాత తేలిక పని కావాలంటే తప్పు పట్టలేం. కాని ఆ తేలిక పని ఎవరికి దక్కాలన్నది వరస ప్రకారం జరగలేదు. ఏ ప్రమోటరు మనిషి, ఏ టెలివిజను కంపెనీకి కావలసినవాడు అన్నదాని ప్రకారం జరిగింది. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి నీ విద్య ఏమిటని కాక నీ కులమేమిటని అడిగారు. ఇక్కడ నీ ప్రమోటరెవరని అడిగారు, అంతే తేడా.

నార్టన్ సంగతి చూడండి. 1976 సెప్టెంబరు 28న యాంకీ స్టేడియంలో అలీతో మూడోసారి తలపడి, స్వల్ప తేడాతో ఓడాడన్నారు. ఆ తీర్పు మీద వాదన ఇంకా తెగలేదు. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ అలీని ఓడించి, నార్టన్‌ను కాదని అలీతోనే మళ్ళీ ఆడతానన్నాడు. వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ వాళ్ళు స్పింక్స్ దగ్గర తమ పట్టం తీసి, అంతకు ముందు నవంబరులో యంగ్‌ను ఓడించినందుకు గాను నార్టన్‌కు ఇచ్చారు. గెలిచిన రోజున అది పట్టం పోటీ కాదు, నాలుగు నెలల తరవాత పట్టం పోటీ అయింది! 1978 జూన్ 9న హోమ్స్‌తో పదిహేను రౌండ్లు సమవుజ్జీగా పోరాడి, ఒక జడ్జీ ఎటో ఇద్దరు జడ్జీలు ఇటో అన్న తీర్పుతో నార్టన్ దాన్ని పోగొట్టుకున్నాడు. ఛాంపియన్ అనిపించుకుని, పట్టం పోటీ ఒక్కటీ బరిలో గెలవని మనిషి. అందులో అతని తప్పేమీ లేదు.

రెండో ప్రశ్నకు అన్నిటికన్నా ఘాటైన జవాబు 1977లోనే వచ్చింది. డాన్ కింగ్, ఏ.బి.సి. టెలివిజను కలిసి అమెరికా బాక్సింగ్ ఛాంపియన్‌షిప్ అని పెద్ద పోటీ పెట్టారు. ఉద్దేశం చాలా మంచిది. వరసలో ఉన్నవాళ్ళను ఒకచోట చేర్చి, ఎవరు ముందో బరిలోనే తేల్చాలన్నారు. మేము పైన మెచ్చుకున్నది సరిగ్గా అదే గదా! వరసలు చెప్పవలసిన బాధ్యత 'ది రింగ్' పత్రికకు అప్పగించారు. 1922లో పుట్టిన ఆ పత్రికను బాక్సింగు లోకం వేదంలా చూసేది. తీరా చూస్తే పోటీకి వచ్చిన కొందరి పేర్ల కింద అసలు జరగని పోటీలు, గెలవని విజయాలు ఆ పత్రిక రికార్డుల పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. ఎక్కడో ఉండవలసిన మనుషులు వరసలో పైకి వచ్చి కూర్చున్నారు. కంచే చేను మేసింది.

దీన్ని బయట పెట్టినదెవరో మన పాఠకులు తప్పకుండా తెలుసుకోవాలి. పెద్ద దినపత్రికలు కావు. న్యూయార్కులో ఫ్లాష్ గార్డన్ అన్న పేరుతో మాల్కం గార్డన్ అనే కుర్రాడు బాక్సింగ్ మీద సొంతంగా ఒక చిన్న పత్రిక నడిపేవాడు. టైపు కొట్టి, స్టెన్సిలు తీసి, మన పత్రిక లాగే యంత్రం మీద తిప్పి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బయట నిలబడి తనే అమ్మేవాడు. ఎవరు ఏ ఊళ్ళో ఎవరితో ఆడారో అతని దగ్గర లెక్క ఉంది. ఆ లెక్కతో వేదాన్ని పోల్చి చూశాడు, పొసగలేదు, రాశాడు. ఏ.బి.సి.లో పని చేసే అలెక్స్ వాలా కూడా లోపలి నుంచి హెచ్చరించాడు. ఫిబ్రవరిలో అనాపొలిస్‌లో జరిగిన పోటీలో జానీ బూడ్రో గెలిచాడని తీర్పు చెబితే, ఓడిన స్కాట్ లెడూ టెలివిజను కెమేరాల ఎదుటే గొడవకు దిగాడు. ఆ తోపులాటలో హవర్డ్ కోసెల్ విగ్గు ఊడి పడింది. జనం నవ్వుకున్నారు గాని లెడూ అడిగిన ప్రశ్న నవ్వులాటది కాదు. ఏప్రిల్‌లో ఏ.బి.సి. పోటీని రద్దు చేసింది. విచారణలో రికార్డుల తప్పులు నిజమేనని తేలింది. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

చేతికి సిరా అంటుకునే పత్రికలను చిన్నచూపు చూసేవాళ్ళకు ఇది మంచి జవాబని మేము సంతోషించిన మాట నిజం. కాని సంతోషించవలసిన విషయం అది కాదు. ఒక్క వేసవి రాకముందే ఇంత మోసం బయట పడితే, బయట పడనివి ఎన్ని? వరస అన్నది ఒక కుర్రాడి నాలుగైదేళ్ళ కష్టానికి విలువ. దాన్ని కలంతో పైకి కిందికి జరిపినవాడు బరిలో అడుగు పెట్టకుండానే ఒకణ్ణి గెలిపించి ఇంకొకణ్ణి ఓడించినట్టే. రెండో ప్రశ్నలో ఈ దశాబ్దం తప్పింది. స్వర్ణయుగమన్నవాళ్ళు ఈ సంగతి చెప్పకుండా దాటేయడం మాకు నచ్చలేదు.

మూడో ప్రశ్న: దక్కిందేమిటి? 1971లో అలీ, ఫ్రేజియర్ చెరి 25 లక్షల డాలర్లు తీసుకున్నారు. కిన్షాసాలో అలీ, ఫోర్మన్ చెరి 50 లక్షలు. అలీ దవడ విరగ్గొట్టిన రాత్రి నార్టన్‌కు ముట్టినది 50 వేలు. శిఖరానికీ రెండో మెట్టుకూ మధ్య ఇంత అగాధం ఉంటే, రెండో మెట్టు మీద నిలబడ్డవాడు దెబ్బలు లెక్కపెట్టడు, వస్తూనే ఉంటాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన సామెత. ఈ వ్యవహారం కూడా అంతే.

క్వారీ 1999 జనవరిలో, 53 ఏళ్ళకు పోయాడు. తల మీద తిన్న దెబ్బల వల్ల వచ్చిన మతిభ్రంశం. చివరి ఏళ్ళలో బట్టలు తొడుక్కోవడానికి కూడా ఇంటివాళ్ళ సాయం కావలసి వచ్చింది. 1992లో, నలభై ఏడేళ్ళ వయసులో, అడిగేవాళ్ళు లేని కొలరాడోకు వెళ్ళి ఇంకొకసారి బరిలోకి దిగాడు. అప్పటికి ఆ రాష్ట్రంలో బాక్సింగ్ కమిషన్ లేదు. అతని తమ్ముడు మైక్ కూడా బాక్సరే, అతనూ అదే జబ్బుతో 2006లో పోయాడు. యంగ్ 2005లో 56 ఏళ్ళకు పోయాడు. బోనవేనాను 1976లో నెవాడాలో కాల్చి చంపారు. అందరి కథా ఇలాగే ముగిసిందని చెప్పం. లైల్ డెన్వర్‌లో కుర్రాళ్ళకు బాక్సింగ్ నేర్పుతూ 2011 దాకా బతికాడు. షేవర్స్ 2022 దాకా ఉన్నాడు. అయినా మొత్తం మీద లెక్క చూస్తే ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ పొంతన లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1980లో అలీ భారతదేశం వచ్చి మద్రాసులో నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడాడు. జనం విరగబడి చూశారు. అలీ పేరు తెలియనివాడు లేడు. అలీ ఎదుట నిలబడ్డవాడు జిమ్మీ ఎల్లిస్. పైన చెప్పిన ఎనిమిది మంది పోటీలో గెలిచి, 1968 నుంచి 1970 దాకా ఒక పట్టం ధరించిన మనిషి. అలీ ఊరివాడు, చిన్ననాటి స్నేహితుడు, ఏళ్ళ తరబడి అతనితో సాధన చేసినవాడు. 1975 నాటికి ఒక కంటి చూపు పోయి ఆట మానుకున్నాడు. 2014లో మతిమరుపు జబ్బుతో పోయాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్ళను అడిగితే అలీని చూశామంటారు. రెండో మనిషి ఎవరంటే ఎవరో తెల్లవాళ్ళ దేశపు ఆటగాడంటారు. ఒక ఛాంపియన్‌ను కళ్ళెదుట పెట్టుకుని కూడా చూడలేదన్నమాట.

చూపు ఇలా తప్పడానికి సినిమాలు కూడా కొంత కారణం. 1976లో వచ్చిన 'రాకీ' ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఆస్కారు గెలుచుకుంది. ఫిలడెల్ఫియాలో ఎవరూ పట్టించుకోని ఒక ఆటగాడికి అనుకోకుండా ఛాంపియన్‌తో తలపడే అవకాశం రావడం కథ. దానికి ప్రేరణ 1975 మార్చిలో అలీతో పదిహేనో రౌండు చివరి దాకా నిలబడ్డ చక్ వెప్నర్. సినిమాగా అది మంచి సినిమాయే. కాని ఆ సంవత్సరమే, ఆ ఊరి మనిషే, నల్లజాతివాడు జిమ్మీ యంగ్ నిజంగా ఛాంపియన్‌తో పదిహేను రౌండ్లు ఆడి, గెలిచాడో ఓడాడో తెలియని తీర్పు తీసుకుని ఇంటికి వచ్చాడు. కబేళాలో పశువుల మాంసం మీద గుద్దులు సాధన చేసిన ఫిలడెల్ఫియా మనిషి ఫ్రేజియర్. ఆ ఊళ్ళో మ్యూజియం మెట్ల దగ్గర విగ్రహం మాత్రం ఊహాపురుషుడు రాకీకి ముందు వచ్చింది. ఫ్రేజియర్‌కు విగ్రహం లేచింది 2015లో, అతను పోయిన నాలుగేళ్ళకు. యంగ్ సంగతి అడిగే నాథుడు లేడు.

కనక మా తీర్పు ఇది. 1970 దశాబ్దపు కంటెండర్లు నిజంగా గొప్పవాళ్ళు, ఒకరినొకరు తప్పించుకోకుండా తలపడ్డారు, ఆ మేరకు అది స్వర్ణయుగమే. ఆ బంగారాన్ని తూచిన తక్కెడ మాత్రం దొంగ తక్కెడ. దాని ధర చెల్లించినది ఛాంపియన్లు కాదు, ఛాంపియన్లు కాలేకపోయినవాళ్ళు. ఛాంపియన్ల గొప్పతనం కూడా వీళ్ళు పెట్టిన భిక్షే. నార్టన్ లేకపోతే అలీ విరిగిన దవడతో పోరాడినవాడని మనకు తెలిసేది కాదు. లైల్ లేకపోతే ఫోర్మన్ పడి లేవగలడని తెలిసేది కాదు.

అమెరికా కాంగ్రెసు చాలా ఆలస్యంగా 2000 సంవత్సరంలో ఒక చట్టం చేసింది. కంటెండర్ల వరసలు ఏ ప్రాతిపదిక మీద నిర్ణయిస్తున్నారో సంస్థలు వెల్లడించాలని, మొదటి పదిమందిలో ఒకరి స్థానం మారిస్తే కారణం చెప్పాలని, ప్రమోటరే మేనేజరుగా కూడా లాభపడకూడదని అందులో ఉంది. యంగ్‌కూ నార్టన్‌కూ లెడూకూ ఆ రోజుల్లో అక్కరకు వచ్చి ఉండవలసిన చట్టం. వరసలో నిలబడ్డవాళ్ళ కోసం చేసిన ఆ చట్టానికి పెట్టిన పేరు మాత్రం మహమ్మద్ అలీ చట్టం.